నలుగురాడు ఆటకు చౌక మీటలు

పులిజూదము ఆడుటకు ఏమి కావలెను? ఒక సుద్దముక్క, గుడి అరుగుమీద మూరెడు చోటు, గుప్పెడు రాళ్లు. అష్టాచెమ్మాకు గవ్వలు దొరకనినాడు చింతగింజలను ఒక వైపు అరగదీసి పందెము వేయుదురు. ఇద్దరాడు ఆటలోనికి మరి ఇద్దరు వచ్చి చేరినచో అదనముగా కావలసినవి మరికొన్ని గింజలే. కంప్యూటరు ఆటల తీరు ఇట్లు లేదు. అచ్చట యంత్రము ఒకటి, తెర ఒకటి, దానిని నడుపు సాధనము కూడ సాధారణముగా ఒకటే. రెండవవాడు ఆడవలెనన్నచో రెండవ సాధనమును కొనవలెను. నాలుగవవాడు వచ్చునప్పటికి సాధనముల వెల చిన్న సంసారములకు అందనిదగును. అందుచేత ఒకడు ఆడును, ముగ్గురు చూతురు. చూచుచున్న ఆ ముగ్గురి చేతికి తక్కువ వెలలో ఏమి ఇయ్యవచ్చునను ప్రశ్నయే నేటి ప్రసంగ విషయము.

మన చేతిలోని ఉద్దేశమును యంత్రమునకు అందజేయు సాధనమును శాస్త్రజ్ఞులు ఇంటర్‌ఫేస్ అందురు. నేను దానిని మీట అనియే పిలిచెదను. మీ ఇంటి రేడియోకు మీట ఉన్నది. దానిని ఒకరు త్రిప్పిన చాలును, ఇంటిల్లిపాదియు వినవచ్చును. ఆటలో అది కుదరదు. ఒకరు త్రిప్పగా పదుగురు చూచునది ప్రదర్శనమగును గాని ఆట కానేరదు.

తెరమీద కదలు ఆటలలో తొలినాటివి కొన్ని ఇద్దరాడు ఆటలుగానే పుట్టినవి, వాని మీటలును చేతితో చేసికొన్నవే. అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో బ్రూక్‌హేవెన్ అను జాతీయ పరిశోధనాలయము కలదు. 1958 అక్టోబరులో అచ్చటికి రాబోవు సందర్శకులకు వినోదముగా నుండునని విలియం హిగిన్‌బోథం అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెరమీద టెన్నిసు ఆటను కల్పించెను. ఆ తెర అడ్డుకొలత 5 అంగుళములు. ఆడువారిద్దరికి చెరియొక పెట్టె, పెట్టెకు బంతి ఏటవాలును మార్చు తిరుగుడు మీట ఒకటి, బంతిని కొట్టు బొత్తాము ఒకటి. అంతకుమించి ఏమియు లేదు. జనము బారులు తీరి నిలిచి ఆడిరట.

అంతకంటె ముచ్చటైనది నాలుగేండ్ల తరువాతి కథ. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు పి.డి.పి.-1 అను కంప్యూటరు వచ్చెను. ఆ రకము యంత్రము వెల సుమారు 1,20,000 డాలర్లు. 1962లో స్టీవ్ రసెల్, అతని మిత్రులు దానిమీద స్పేస్‌వార్ అను ఆటను వ్రాసిరి. రెండు అంతరిక్షనౌకలు ఒకదానినొకటి వేటాడుట అందలి విషయము. యంత్రపు ముందుభాగమున వరుసగా అమర్చిన చిన్న స్విచ్చీలతోనే మొదట ఇద్దరును ఆడిరి. ఆ స్విచ్చీలు ఇంజనీర్ల పరీక్షకై పెట్టినవి, ఆటకై పెట్టినవి కావు. తెర వాని కెదురుగా లేక ఒక ప్రక్కగా నుండుటచేత ఇద్దరిలో ఒకరికి దృశ్యము బాగుగా కనబడెడిది, రెండవవానికి కనబడెడిది కాదు. అనగా ఆట ప్రారంభము కాకమునుపే ఒకనికి సగము గెలుపు సిద్ధించినదన్నమాట. అప్పుడు ఆలన్ కోటోక్, రాబర్ట్ సాండర్స్ అను ఇద్దరు అచ్చటి బొమ్మ రైళ్ల సంఘపు గదిలో పడియున్న స్విచ్చీలను ఏరి, తీగలతో వ్రేలాడు రెండు చిన్న పెట్టెలను తయారుచేసిరి. ఎవరికి వీలైన చోట వారు నిలువవచ్చును. అందలి ఒక విశేషము నాకు మిక్కిలి నచ్చినది. ఆయుధమును విడుచు బొత్తామును చప్పుడు కానిదానినిగా పెట్టిరి. చప్పుడైనచో ప్రక్కవాడు విని తప్పించుకొనును గదా! లక్ష డాలర్ల యంత్రమునకు కొన్ని పాత స్విచ్చీలతో న్యాయము చేకూరినది.

ఇక మన ఇండ్లకు వత్తము. నలుగురు కలిసి ఆడుటకు అన్నిటికంటె చౌక మార్గము ఒకే కీబోర్డును పంచుకొనుట. ఎడమ ప్రక్కవాడు కొన్ని అక్షరముల బొత్తాములను, కుడి ప్రక్కవాడు బాణపు గుర్తుల బొత్తాములను పట్టుకొందురు. ఇద్దరితో అగునది, ముగ్గురు చేరినప్పుడు ఒక వింత జరుగును. మూడవవాడు ఎంత నొక్కినను యంత్రము పలుకదు. పిల్లలు వాని బొత్తాము చెడినదందురు, లేదా వాడు సరిగా నొక్కుటలేదని తిట్టుదురు. తప్పు వానిది కాదు, బొత్తామును చెడలేదు.

కారణ మేమనగా, కీబోర్డులో 104 బొత్తాములున్నచో 104 తీగలుండవు. ఖర్చు తగ్గించుటకై తీగలను అడ్డవీధులు, నిలువువీధులుగా పరతురు. 8 అడ్డవీధులు, 13 నిలువువీధులు ఉన్నచో కూడళ్లు 104 అగును, తీగలు మాత్రము 21 చాలును. ప్రతి కూడలిలో ఒక బొత్తాము. బొత్తామును నొక్కినప్పుడు ఆ రెండు వీధులును కలియును. యంత్రము ఒక్కొక్క వీధిని వరుసగా పలుకరించి ఏ కూడలి కలిసినదో కనుగొనును. ఇప్పుడు ఒక నలుచదరపు నాలుగు మూలలను ఊహింపుడు. మూడు మూలలలోని బొత్తాములను ముగ్గురు ఒకేసారి నొక్కినచో, విద్యుత్తు ఆ మూడింటిగుండా చుట్టు తిరిగి వచ్చి నాలుగవ మూలను కూడ నొక్కినట్లే చూపును. అచ్చట ఎవరి వ్రేలును లేదు. ఆ నాలుగవదానిని దయ్యపు బొత్తాము అందురు. దయ్యమునకు జడిసి, అనేక కీబోర్డులు అట్టి సందేహము కలిగినప్పుడు చివర నొక్కిన బొత్తామును లెక్కలోనికి తీసికొనవు. నష్టపోవువాడు చివర నొక్కినవాడు.

ప్రతి కూడలిలో విద్యుత్తును ఒకే దిక్కున పోనిచ్చు డయోడు ఒకటి పెట్టినచో ఈ దయ్యము తొలగును, కాని వెల పెరుగును. ఆటను వ్రాయువాడు తెలివిగలవాడైనచో వెల పెంచకయే కొంత మేలు చేయవచ్చును. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ అను బొత్తాములను ఇతర బొత్తాములతో కలిపి నొక్కవలసియుండును గనుక, వానిని సాధారణముగా చిక్కులేని విధముగా అమర్చుదురు. ఆటలోని ముఖ్యమైన పనిని వానికి అప్పగింపవలెను. అంతకంటె సులువు, రెండవ పాత కీబోర్డు ఒకటి తెచ్చి తగిలించుట. ఒకదాని వీధులకు మరియొకదాని వీధులతో సంబంధములేదు గనుక ఒకరి వ్రేళ్లు మరియొకరికి అడ్డురావు. పాత సామాను అంగడిలో అది ఎంతకు దొరకునో మీరు బేరమాడి చూడవచ్చును.

ఇది ఇంటి సంగతి. బడి సంగతి ఇంతకంటె బరువైనది.

బెంగుళూరులో మైక్రోసాఫ్ట్ సంస్థ 2005లో ఒక పరిశోధనాలయమును నెలకొల్పినది. అచ్చటి ఉదయ్ సింగ్ పవార్, జొయొజీత్ పాల్, కెంటారో తొయామా మున్నగువారు పల్లెటూరి బడులలో కంప్యూటర్లను పిల్లలు ఎట్లు వాడుకొనుచున్నారో పరిశీలించిరి. ఒక్కొక్క యంత్రము చుట్టు పలువురు పిల్లలు మూగుదురు. మౌసు ఒకని చేతిలోనే ఉండును. మిగిలినవారు భుజముల సందులనుండి చూచుచుందురు. ఎవని చేతిలో ఉండునో చెప్పుట కష్టము కాదు. బడిలోనే గాక వీధిలోను ఎవని మాట చెల్లునో వాని చేతిలో. వెనుక వరుసలోని బాలికకు ఏడాది పొడుగునను కంప్యూటరు పాఠము జరిగినట్లే లెక్క, ఆమె వ్రేలు మాత్రము దానికి తగిలియుండదు.

యంత్రములను పెంచుటకు డబ్బు లేదు. మౌసులను పెంచినచో? యంత్రము వెల వేలలో ఉండగా మౌసు వెల వందలలో ఉండును. చిక్కెచ్చట నున్నదనగా, మామూలు కంప్యూటరు ఎన్ని మౌసులను తగిలించినను అన్నిటిని కలిపి తెరమీద ఒకే బాణపు గుర్తును కదల్చును. అయిదుగురు అయిదు దిక్కులకు లాగినచో ఆ గుర్తు నడివీధిలో నిలిచిన ఆబోతువలె ఎటును పోలేక ఊగులాడును. ఏ కదలిక ఏ మౌసునుండి వచ్చినదో వేరువేరుగా తెలిసికొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తును తెరమీద చూపునట్లు వారు ప్రోగ్రామును వ్రాసిరి. దానికి మల్టీమౌస్ అని పేరు. 2006లో దానిని లోకమునకు తెలిపిరి.

తరువాత 238 మంది పల్లెటూరి పేద పిల్లలతో ఆంగ్లపదములు నేర్పు ఆటను ఆడించి పరీక్షించిరి. ఆ ఫలితములు 2007లో వెలువడినవి. ఒక యంత్రమునకు ఒకే పిల్లవాడు కూర్చుండి నేర్చుకొన్న పదములెన్నియో, అయిదుగురు అయిదు మౌసులతో ఒకే యంత్రము ముందు కూర్చుండి నేర్చుకొన్నవియు దాదాపు అన్నియే. అనగా ఒక యంత్రము అయిదు యంత్రముల పని చేసినదన్నమాట. ఇంతవరకు పొదుపు లెక్క. దీనిని మించిన విషయము మరియొకటి తేలినది. వారు ఆటను రెండు విధములుగా కల్పించిరి. ఒకటి పోటీని పురికొల్పునది, రెండవది సహకారమును కోరునది. మౌసులు అవే, పదములు అవే, పిల్లలును ఆ బడుల పిల్లలే. నియమములోని చిన్న మార్పుతో నేర్చిన చదువులోను, పిల్లల నడవడిలోను కొట్టవచ్చినట్లు తేడా కనబడెను. బాలికలు అన్ని విధములలోను ఇంచుమించు ఒకే తీరున నేర్చిరి. బాలుర చదువు మాత్రము విధానమునుబట్టి మారెను.

మౌసును కొనుట చదువు కాదని దీనివలన నాకు తోచుచున్నది. ముందు నొక్కినవానిదే గెలుపు అను నియమము పెట్టినచో కన్ను చదువకముందే వ్రేలు నొక్కును. అందరును ఒకే జవాబును ఎన్నుకొన్నగాని పాఠము ముందుకు సాగదను నియమమున్నచో, తెలిసినవాడు తెలియనివానికి చెప్పక తప్పదు. అట్లని పోటీ చెడ్డదని నేను అనుటలేదు. కబడ్డీలో కూతకు వెళ్లినవానికి సహకారము బోధింపలేము గదా! ఆట దేనికొరకో తేల్చుకొన్న పిదపనే మీటను కల్పింపవలెను.

ఈ భావమును పట్టుకొని, ఉపాధ్యాయుడు చూపు పాఠపుటలమీద పిల్లలందరును తమ తమ మౌసులతో జవాబులు గుర్తించు సాధనమును 2010లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితముగా ఇచ్చినది. తరువాత నిలిపివేసినది. అయినను మార్గము మూతపడలేదు. లినక్స్ వ్యవస్థలో పెక్కు బాణపు గుర్తులను చూపు ఏర్పాటు 2009నుండి ఉన్నది. ఆసక్తిగల ఉపాధ్యాయుడు నేటికిని చేయవచ్చును. అట్టివారికి రెండు సూచనలు. గుర్తులను రంగులతో మాత్రమే వేరుచేయరాదు. ఎరుపునకు పచ్చకు తేడా కానని పిల్లలు తరగతిలో ఉండవచ్చును. ఒకనికి చిలుక, ఒకనికి గాలిపటము, ఒకనికి కడవ అని ఆకారములీయవలెను. రెండవది విద్యుత్తును గూర్చినది. విడిగా విద్యుత్తు అందని సామాన్యపు యు.ఎస్.బి. హబ్బు నాలుగు మౌసులను మోయగలదు. అయిదవది వేరు రంధ్రములో తగిలింపవలెను.

మౌసు, కీబోర్డులను విడిచి, వంటింటిలోని వస్తువులతో మీటలు చేయువారు కూడ ఉన్నారు. రెండు అట్టముక్కలకు అల్యూమినియం రేకును అంటించి, నడుమ చిల్లుపెట్టిన స్పాంజిని ఉంచినచో అది ఒక స్విచ్చి. నొక్కినప్పుడు రేకులు కలియును, విడిచినప్పుడు స్పాంజి వానిని ఎడముచేయును. చేతితో నొక్కవచ్చును, నేలమీద పరచి కాలితో త్రొక్కవచ్చును. కీబోర్డునని కంప్యూటరుకు నమ్మకము కలిగింపగల చిన్న చిప్పులు దొరకుచున్నవి. వానికి ఈ రేకులనుండి తీగలు కలిపిన సరిపోవును.

2012లో జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ అను ఇద్దరు మేకీ మేకీ అను పలకను వెలువరించిరి. దానికి అరటిపండును తగిలించి అరటిపండునే బొత్తాముగా వాడవచ్చును. ఇందులో మాయ లేదు. బొత్తాము తీగను 5 వోల్టులకు 2 కోట్ల 20 లక్షల ఓముల నిరోధకము ద్వారా కట్టుదురు. ఆడువాడు ఒక చేతితో భూతీగను పట్టుకొని మరియొక చేతితో పండును తాకినప్పుడు వాని శరీరముగుండా వలయము పూర్తియగును. శరీరపు నిరోధము పది లక్షల ఓములున్నను, ఈ మహానిరోధకముతో పోల్చినప్పుడు అది స్వల్పము. తీగమీది వోల్టులు పావు వోల్టునకు లోపుగా పడిపోవును, చిప్పు దానిని నొక్కుటగా గ్రహించును. పారు విద్యుత్తు ఆంపియరులో 44 లక్షలవ వంతును మించదు. అయినను పిల్లలు ఆడునప్పుడు ల్యాప్‌టాపును గోడ ప్లగ్గునుండి విడదీసి బ్యాటరీమీద నడుపుట మంచిది. నాసిరకపు ఛార్జర్లను నేను నమ్మను.

పలువురాడు ఆటకు ఇది తెచ్చిన క్రొత్తదనమేమనగా, మనిషే మీటయగుట. ఒకడు భూతీగను, మరియొకడు బొత్తాము తీగను పట్టుకొన్నచో, వారిద్దరు చేయి చేయి తాకినప్పుడే బొత్తాము నొక్కినట్లగును. చెమ్మచెక్కలోని చరుపు కంప్యూటరుకు ఆజ్ఞయగును. పదిమంది వలయముగా చేతులు పట్టుకొని నిలిచి, ఎవడో ఒకడు విడిచినప్పుడు ఆట ఆగునట్లు కల్పింపవచ్చును. ఒక చిక్కు మాత్రము కలదు. ఇంత పెద్ద నిరోధకముగల వలయమునకు తేమ శత్రువు. కోస్తా ప్రాంతపు వానకాలములో తడిసిన అట్టగుండానే విద్యుత్తు జారి, ఎవరును తాకకయే తాకినట్లు చూపవచ్చును. అట్టకు మైనము పూసిన కొంత నయము.

ఇట్లు ఇంట చేసిన మీటలలో న్యాయము తప్పు సందొకటి కలదు. ముందు నొక్కినవాడు గెలుచు ఆటలలో యంత్రము మీటలను వరుసగా చూచును. ఒకటవ మీటను చూచి, పిదప రెండవదానిని, పిదప మూడవదానిని. ఇద్దరు ఒకే క్షణమున నొక్కినచో ఒకటవవానికే గెలుపు వచ్చును. ఆట నూరుసారులు ఆడినను అంతే. ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతిసారి వరుసను మార్చి చూడవలెను, లేదా సమానమని ప్రకటింపవలెను. నలుగురిలో ముగ్గురు తీగగల మీటలతోను ఒకడు తీగలేని మీటతోను ఆడినచో, తీగలేనిది కొన్ని మిల్లీసెకండ్లు ఆలస్యము చేయవచ్చును. మీటలన్నియు ఒకే జాతివైన ఈ తగవు ఉండదు.

కొందరు తెరను కూడ తీసివేసిరి. 2011లో డెన్మార్కు దేశమున డగ్లస్ విల్సన్, అతని మిత్రులు రూపొందించిన యోహాన్ సెబాస్టియన్ జౌస్ట్ అను ఆటలో చూచుటకు తెరయే లేదు. ఒక్కొక్కరు చివర వెలుగు గుండుగల చేతికర్రను పట్టుకొందురు. బాఖ్ సంగీతము మెల్లగా సాగునంతసేపు కర్ర ఏమాత్రము కుదిపినను ఓటమియే. సంగీతము వడిగా సాగినప్పుడు కొంత కదలవచ్చును. ఆ సందులో ఎదుటివాని కర్రను కుదుపవలెను. తన చేయి నిలుకడగా ఉంచుకొని పరుల చేతిని కుదుపుటయే ఆట. ఆ కర్రలు చౌకవి కావు, ఆ మాట నిజము. అయినను బొమ్మలకై వెచ్చించు డబ్బంతయు మిగిలినది. కన్ను తెరకు అంటుకొనక ఎదుటి మనిషి ముఖమును చూచినది.

ఫోన్లనే మీటలుగా వాడు ఆటలు 2014నుండి బాగుగా ప్రచారములోనికి వచ్చినవి. జాక్‌బాక్స్ వారి ఆటలలో తెరమీద కనబడు నాలుగక్షరముల సంకేతమును ఎవరి ఫోనులో వారు కొట్టి ఆటలో చేరుదురు. ఎవరి ఫోను వారికి ఉన్న ఇండ్లకు ఇది సులభము. ఇంటికంతకు ఒకే ఫోనున్నచోట మరల అట్టయు రేకును వెదకుకొనవలెను.

చివరగా, వ్రేళ్లు వశముకాని వారిని గూర్చి చెప్పవలసియున్నది. ఆటలమ్ము సంస్థలు చేయు మీటలన్నియు పది వ్రేళ్లును చురుకుగా ఆడు మనిషిని తలచుకొని చేసినవి. 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన అడాప్టివ్ కంట్రోలరు ఈ తలంపును మార్చినది. దానిపై పెద్ద గుండ్రని బొత్తాములు రెండు, వెనుక 3.5 మిల్లీమీటర్ల రంధ్రములు 19. పాత ట్రాన్సిస్టరు రేడియోకు చెవిలో పెట్టుకొను తీగను దూర్చిన జాతి రంధ్రములే అవి. ఒక్కొక్క రంధ్రము ఒక్కొక్క బొత్తామునకు బదులు. ఆ రంధ్రములోనికి పోవు పిన్నుకు రెండు తీగలు కట్టి, వాని కొసలను ఇందాక చెప్పిన రేకుల అట్టకు కలిపినచో అదియే బొత్తాము. మోచేతికింద పెట్టవచ్చును, మోకాలిప్రక్కన కట్టవచ్చును, తలగడకు అంటింపవచ్చును. దాని వెల 100 డాలర్లని ప్రకటించిరి. మన లెక్కలో అది తక్కువేమీ కాదు. కాని దానికి తగిలించు మీటలు మాత్రము ఇంటిలోనే తయారగును. అంగడిలో అమ్ము వికలాంగుల స్విచ్చీలకు అడుగు వెలలు చూచినవారికి ఆ మేలు బోధపడును.

ఆ యంత్రములకు 2017లో వచ్చిన మరియొక ఏర్పాటు ఉన్నది. రెండు మీటలను ఒకే ఆటగానికి జతపరచుట. ఒకే గుఱ్ఱపుబండిని ఇద్దరు తోలినట్లు, తెరమీది ఒకే బొమ్మను ఇద్దరు నడుపుదురు. అన్నకు కుడిచేయి మాత్రమే ఆడునని అనుకొందము. బొమ్మ నడక వాని చేతిలో, దుముకుట చెల్లెలి చేతిలో. ఎప్పుడు దుముకవలెనో అన్న కేక వేయును. చెల్లెలు ఒక క్షణము ఆలస్యముగా నొక్కినచో బొమ్మ గుంటలో పడును. అప్పుడు ఇద్దరును పోట్లాడుకొందురు, మరల మొదటినుండి ఆడుదురు.